మా మేనరికాలు, నాన్న మొక్కజొన్న

మొన్న సిరిమానోత్సవానికి అందరం విజయనగరంలో మావయ్య ఇంట్లో కలిశాం, భోజనాలయ్యాక అమ్మమ్మ మా చెల్లి పెళ్లి మాట ఎత్తింది, మావయ్య చిన్నకొడుక్కి ఇచ్చేద్దాం, "మనింటి పిల్ల మనింట్లోనే ఉంటాది" అని. మా అప్పని, అంటే అక్కని, ఇచ్చింది మావయ్య పెద్దకొడుక్కే. అప్ప ఏం మాట్లాడకుండా కంచాలు తీసుకుని పెరట్లోకి వెళ్లిపోయింది.

అప్ప వాళ్ల బాబుకి పుట్టుకతోనే చెవులు వినపడవు. కడుపుతో ఉన్నప్పుడు గ్రహణం రోజు బయట తిరిగిందని నాలుగేళ్లుగా అప్పనే అంటున్నారు, ఆ మాట వింటే నాకు ఇప్పటికీ కడుపు రగిలిపోద్ది. పోయినేడు చేయించిన టెస్టులో కారణం తేలిపోయింది కదా, వినికిడికి కావాల్సిన జీజేబీ2 అనే జీన్ (జన్యువు) రెండు కాపీలూ చెడిపోయి ఉన్నాయి, ఒకటి అప్ప నుంచి, ఇంకోటి బావ నుంచి.

అమ్మ వైపు నుంచి ఒకటి, నాన్న వైపు నుంచి ఒకటి, దాదాపు ప్రతి జీనూ మనకి రెండేసి కాపీలు ఉంటాయి. ఇలాంటి జీన్లలో ఒకటి చెడినా రెండోది పని నడిపించేస్తది, అందుకే అప్పకీ బావకీ బాగానే వినపడుతుంది. చెడిన కాపీలు కొన్ని ప్రతి మనిషిలోనూ దాక్కుని ఉంటాయి, మీలో, నాలో కూడా. బయటి సంబంధమైతే రెండువైపులా అదే జీన్ చెడి ఉండడం తక్కువ. బావామరదళ్లకి తాతా అమ్మమ్మా ఒకరే, అందుకని వాళ్ల పిల్లల్లో సగటున పదహారో వంతు జీన్లకి రెండు కాపీలూ ఒకే మనిషి నుంచి దిగిన జిరాక్సులై ఉంటాయి. మేనమామని చేసుకుంటే ఎనిమిదో వంతు.

ఇది నాన్నకి నాకంటే ముందే అర్థమైపోయింది. చీపురుపల్లి దగ్గర మొక్కజొన్న వేస్తారు, ఒక ఏడు విత్తనం ఖర్చు మిగులుద్దని హైబ్రిడ్ చేలోంచే గింజలు దాచి మళ్లీ వేస్తే కంకులు చిన్నవైపోయి చేనంతా ఎగుడుదిగుడుగా వచ్చింది. హైబ్రిడ్ విత్తనం వెనక కథ కూడా అదే, ఒక మొక్క పుప్పొడిని దానికే తరాల తరబడి పడేస్తూ పోతే పైరు పొట్టిగా, నీరసంగా అయిపోద్ది, అలాంటి వేరువేరు రెండు రకాల్ని కలిపితే ఒక్కసారి ఏపుగా లేస్తది. జార్జ్ షల్ అనే ఆయన 1908లోనే దీన్ని చూపించాడు.

మనుషుల్లోనూ చూశారు. 2015లో మూడున్నర లక్షల మందికి పైగా జీన్లు పోల్చిన పరిశోధన వచ్చింది, జిరాక్సు భాగాలు ఎక్కువ ఉన్నవాళ్లకి ఎత్తు, ఊపిరితిత్తుల బలం, చదువు కొంచెం తగ్గాయి. బావామరదళ్ల పిల్లల లెక్కలో చెప్తే ఎత్తులో 1.2 సెంటీమీటర్లు, చదువులో పది నెలలు. బీపీకి, చెడు కొలెస్ట్రాల్‌కి మాత్రం సంబంధం కనపడలేదు, కాబట్టి అన్ని జబ్బుల్నీ మేనరికం మీద తోసెయ్యడం కూడా తప్పే. పుట్టుకతో వచ్చే పెద్ద సమస్యలు మామూలుగా నూటికి మూడు ఉంటే దగ్గర చుట్టాల్లో ఐదారు అవుతాయంటారు, అంటే ఎక్కువమంది పిల్లలు ఆరోగ్యంగానే పుడతారు, ఆ మిగిలిన ఇళ్లలో మాది ఒకటి.

ఇదేం కొత్తగా పుట్టిన మాట కాదు, జన్యుశాస్త్రంలో అంత పేరున్న హాల్డేన్ ఇంగ్లండ్ వదిలి మన దేశం వచ్చేశాడు. ఆయన దగ్గర పనిచేసిన ద్రోణంరాజు కృష్ణారావు గారు 1960ల మొదట్లోనే ఆంధ్రలో మేనరికాల మీద లెక్కలు తీశారు.

ఊరు మారిస్తే చాలనుకోకండి. తరతరాలుగా ఒకే కులంలో ఇచ్చిపుచ్చుకుంటే చుట్టరికం తెలియని ఇద్దరిలో కూడా అవే కాపీలు ఉండొచ్చు, హైదరాబాద్‌లో సీసీఎంబీ అనే పరిశోధన సంస్థలోని తంగరాజ్ గారి బృందం, అమెరికా వాళ్లు కలిసి 2017లో ఇదే చెప్పారు. పెళ్లికి ముందు జాతకాలతో పాటు ఒక రక్తపరీక్ష, జెనెటిక్ కౌన్సెలింగ్ (జీన్ల గురించి తెలిసినవాళ్ల సలహా) కూడా చేయించుకోండి.

అమ్మమ్మ ఇదంతా విని "అయితే నా నుంచే వచ్చిందేటి" అని కళ్లనీళ్లు పెట్టుకుంది, తాత నుంచి కూడా వచ్చి ఉండొచ్చు, నీకూ తాతకీ కూడా తెలియనిది మీ తప్పెలా అవుద్దే అని పక్కన కూర్చున్నాను. అత్త ఏమీ అనలేదు. కాసేపటికి లేచి పెరట్లోకెళ్లి అప్ప చేతిలో కంచాలు తీసుకుంది.