రామెన్ ప్రయోగం: ఐదో విడతా సూపుపాలే

నాలుగంటే నాలుగే నిమిషాలు. రామెన్ అంటే జపాన్ వాళ్ల సూపు నూడుల్స్, ఇంట్లోనే చెయ్యాలని నా తంటా. ఆదివారం రాత్రి గిన్నెలో వేసిన నూడుల్స్ నాలుగో నిమిషానికి పాయసంలో సేమ్యాలా మెత్తబడిపోయాయి. ఇది ఐదో విడత. ఇంకో 300 గ్రాముల మైదా వీధిలో ఆవు పాలైంది.

ఈ పిచ్చి బరంపురంలో పట్టుకుంది. రెండు నెలల కిందట అమ్మనీ, మా ఆవిడనీ, పాపనీ తీసుకుని అక్కడి రామెన్ హోటల్‌కి మధ్యాహ్నం భోజనానికి వెళ్లాం. పర్లాకిమిడి నుంచి టెక్కలి, పలాస, ఇచ్ఛాపురం మీదుగా, అంటే ఒడిశాలో బయల్దేరి ఆంధ్రాలోంచి మళ్లీ ఒడిశాకి. ఆరంటే ఆరు బల్లలు, బయట ముప్పావుగంట పడిగాపులు. అమ్మ సూపు ఒక గుటక వేసి "చింతపండు మర్చిపోనారేటి?" అంది. పాప మాత్రం ఒక్కో పోగూ లాగి ఆడుకుంటూ ఇరవై నిమిషాలు తింది. ఆఖరి పోగు కూడా పంటికింద సాగుతూనే ఉంది! నా బుర్రలో తిష్ట వేసింది ఆ ఆఖరి పోగే. ఒకటి తీసి అగ్గిపుల్ల పక్కన పెట్టి చూశా, పుల్ల కంటే కాస్త లావు. మా ఆవిడ మొహం అటు తిప్పుకుంది.

సూపు కుదిరింది: కోడి ఎముకలు, గుప్పెడు ఎండు నెత్తళ్లు. గుడ్డుకి ఆరున్నర నిమిషాలు, దాని జోలికి ఇక పోను. సోయా సాస్ అంటే నాకు జపాన్ కంపెనీ కిక్కోమనే, నల్లగా చిక్కగా ఉండే రకాలు గోబీ మంచూరియాకి పనికొస్తాయి.

పేచీ అంతా నూడుల్స్‌తోనే. రామెన్ పిండిలో క్షారం కలపాలి, పసుపు రంగూ ఆ పట్టూ దాంతోనే. అందుకు వంటసోడాని కాల్చి ఘాటైన సోడియం కార్బొనేట్‌గా మార్చుకుంటున్నా. మొదటి రెండు విడతలూ ఆ సోడా వల్ల చెడ్డాయి. 50 గ్రాముల వంటసోడాని ఓటీజీలో (చిన్న కరెంటు ఓవెన్) 120 డిగ్రీల దగ్గర గంటసేపు ఉంచితే 41 గ్రాములు తూగింది. అయిపోయిందనుకుని వాడేశా. తర్వాత లెక్క కట్టా. వంటసోడా పూర్తిగా సోడియం కార్బొనేట్‌గా మారితే నీటి ఆవిరీ, కార్బన్ డయాక్సైడూ పోయి బరువు 37 శాతం తగ్గాలి. 50కి 31.5 మిగలాలి. నాది సగమే మారిందన్నమాట. గిన్నెలో కుప్పగా పోయడమే తప్పనుకుంటా. ట్రేలో పల్చగా పరిచి 150 దగ్గర గంటన్నర పెడితే 32కి దిగింది. మూడో విడతలో ఆ సోడా నీళ్లు పడగానే మైదా లేత పసుపు తిరిగింది. అమ్మ వంటింట్లోకి తొంగిచూసి "ఏట్రా, అప్పడాల పిండి వాసనొస్తంది" అంది. ముక్కు మోసపోలేదు, అప్పడాల్లో వేసే పాపడ్‌ఖారూ క్షారమే కదా. అన్నట్టు 3 గ్రాముల సోడాని వంటింటి త్రాసు మీద తూచొద్దు. బంగారం తూచే చిన్న త్రాసు కొనుక్కోండి.

రంగొచ్చింది, వాసనొచ్చింది, పట్టు రాలేదు. గట్టిదనం కావాలంటే నీళ్లు తగ్గించాలని నేనే తీర్మానించుకున్నా. మూడో విడతకి 114 మి.లీ. (38 శాతం), నాలుగుకి 102, ఐదుకి 96. ఆ 96తో పిండి ముద్దే కాలేదు, తడి ఇసకలా రాలింది. కవర్లో కట్టి గంట నాననిచ్చి, పైన గుడ్డ వేసి కాలితో తొక్కా. చేతి మిషన్ (కంపెనీ పేరెత్తను) రెండో చుట్టుకే బిగింపు ఊడి బల్ల అంచు దాకా జారింది. ఎలాగో కత్తిరించి ఉడికించి, 85 డిగ్రీల నీళ్లలో వేసి నిమిషానికో పోగు కొరికి చూశా. మూడో విడత ఆరు నిమిషాలు నిలిచింది, నాలుగోది ఐదు, ఐదోది నాలుగు. నీళ్లు తగ్గిస్తున్నకొద్దీ ముందే చస్తోంది!

ఇప్పుడు వెలిగింది. పొడిగా కలిపిన పిండి సూపుని గబగబా పీల్చేస్తుంది. జపాన్‌లో హకాతా రామెన్ నూడుల్స్ అలా తక్కువ నీళ్లతో, సన్నగా చేసేవే. అవి త్వరగా మెత్తబడతాయి కాబట్టే అక్కడ కొంచెమే వడ్డించి, అయ్యాక అదే సూపులో ఇంకో చుట్ట నూడుల్స్ వేయించుకుంటారు. అదే జపాన్‌లో సప్పోరో ఊరివి ఎక్కువ నీళ్లతో కలిపిన లావుపాటి వంకర నూడుల్స్, వేడి సూపులో చాలాసేపు నిలుస్తాయి. బరంపురంలో తిన్నవీ వంకరవే. నేనేమో హకాతా దారిలో నడుస్తూ సప్పోరో చేరాలని చూస్తున్నా. పైగా నా పోగు ఉడికాక కూడా అగ్గిపుల్ల కంటే సన్నం.

మైదా మీద కూడా అనుమానం ఉంది, మాంసకృత్తులు పాకెట్ మీద 10 శాతం. గ్లూటెన్ పొడి (పిండికి సాగుడు ఇచ్చే గోధుమ మాంసకృత్తు) తెప్పిస్తున్నా, 300కి 6 గ్రాములు కలిపి చూడాలి. కానీ రెండూ ఒకేసారి మార్చను, ఏది పనిచేసిందో తెలియదు. ఆరో విడతకి నీళ్లు 120, రోలర్ రెండు గీతలు వదులు, కత్తిరించాక గుప్పిట్లో నలిపి వంకరలు, రాత్రంతా ఫ్రిజ్. గ్లూటెన్ ఏడోసారికి. ఈలోగా మళ్లీ బరంపురం వెళ్తే జేబులో థర్మామీటర్ పెట్టుకెళ్తా, వాళ్ల సూపు ఎన్ని డిగ్రీల మీద బల్ల మీదికొస్తోందో చూడాలి. మా ఆవిడకి ఇంకా చెప్పలేదు.