గాజులు బ్యాంకుకు వెళ్లే సీను

కరోనా కాలపు హైదరాబాద్‌లో ఒకావిడ బతుకు చితికిపోయే నవల రాస్తున్నారా? రెండో అధ్యాయంలోనే ఆమెను రోడ్డున పడేయకండి. ముందు లీటరు పాలు అరలీటరవుతాయి. తర్వాత చీటీ వాయిదా తప్పుతుంది. అప్పటికే పాట పాడి డబ్బు తీసేసుకున్న చీటీ అయితే జామీను పెట్టిన ఆడపడుచుకు ఫోన్ వెళ్తుంది, అసలు రచ్చ అక్కడ!

గాజుల తాకట్టు సీను మాత్రం తాపీగా రాయండి. రాళ్ల బరువు తీసేసి, 22 క్యారెట్ల లెక్కన విలువ కడతారు. అప్పట్లో అందులో 75 శాతం వరకే అప్పు ఇచ్చేవారు. 2020 ఆగస్టులో రిజర్వ్ బ్యాంక్ ఆ పరిమితిని బ్యాంకులకు మాత్రమే 90కి పెంచింది. చేతికి ఎక్కువ వచ్చిందని ఆమె సంబరపడాలి. వడ్డీ పెరిగి వేలం నోటీసు వచ్చేదీ అందుకే. అమీర్‌పేట హాస్టల్లో వంటపని దొరికిందని రాస్తే ఎవరూ నమ్మరు. మార్చి లాక్‌డౌన్‌కే అవి చాలావరకు ఖాళీ.