1952 టాప్స్ సెట్: మొదటి సిరీస్ సగం దాటింది

అమెరికాలో టాప్స్ కంపెనీ బబుల్‌గమ్‌తో అమ్మిన ఆటగాళ్ళ బొమ్మల కార్డుల్లో 1952 బేస్‌బాల్ సెట్ ఒకటి, అందులో మొత్తం 407 కార్డులు. మొదటి సిరీస్ (విడత), అంటే 1 నుంచి 80 దాకా, నా దగ్గర సగం పైనే చేరాయి. 310 దాకా పూర్తిచేసి ఆపేద్దామని నిర్ణయించుకున్నాను. 311 నుంచి ధరలే వేరు.

311 నుంచి 407 దాకా ఉన్న ఆ చివరి సిరీస్ బేస్‌బాల్ సీజన్ ఆఖర్లో వచ్చింది. అప్పటికి పిల్లల దృష్టి అమెరికన్ ఫుట్‌బాల్ మీదికి మళ్ళింది, కొట్లవాళ్ళు పెద్దగా తెప్పించలేదు. మిగిలిపోయిన పెట్టెలు ఏళ్ళ తరబడి గోడౌన్‌లో మూలిగాయి. 1960లో టాప్స్ ఉద్యోగి సై బర్గర్ వాటిని పడవకెక్కించి అట్లాంటిక్‌లో పారబోయించాడు. అందుకే ఓ మోస్తరు నలిగిన కామన్ కార్డు, అంటే పెద్ద పేరు లేని ఆటగాడిది, మొదటి సిరీస్‌లో పదిహేను ఇరవై డాలర్లకు దొరికితే, చివరి సిరీస్‌లో వంద పైమాటే.

ఇక్కడిదాకా అరుదుదనం లెక్క. ఆ సిరీస్ లోపలికి వెళ్తే మాత్రం లెక్క తిరగబడుతుంది. 311 మికీ మాంటిల్, 312 జాకీ రాబిన్సన్, 313 బాబీ థామ్సన్. అచ్చు వేసే పెద్ద షీటు మీద ఈ మూడూ రెండేసి సార్లు అచ్చయ్యాయి, మిగతా 94 ఒక్కోసారే. అంటే ఆ సిరీస్‌లో ఎక్కువగా ఉన్నవి ఈ మూడే! అయినా 9.5 గ్రేడు (కార్డు ఎంత బాగుందో పదికి ఇచ్చే మార్కు) మాంటిల్ 2022 ఆగస్టు వేలంలో కోటీ 26 లక్షల డాలర్లు పలికింది. పక్కనే అచ్చయిన థామ్సన్, 1951లో జెయింట్స్ జట్టుని లీగ్ విజేతగా నిలబెట్టిన హోమ్‌రన్ కొట్టినవాడు, మాంటిల్ ధరలో చిన్న ముక్కకి వచ్చేస్తాడు. రాబిన్సన్ ఇద్దరికీ మధ్యలో ఉంటాడు. అదే షీటు, అదే కాగితం, అన్నేసి కాపీలు. తేడా అంతా కావాలనుకునేవాళ్ళ సంఖ్యలోనే ఉంది. ఇంకో సంగతి: మాంటిల్ అసలు రూకీ కార్డు, అంటే మొట్టమొదటిది, 1951లో బౌమన్ అనే మరో కంపెనీ వేసింది. అయినా అదే గ్రేడులో ఈ టాప్స్ కార్డుకే ఎక్కువ ధర.

టీ206 అని పిలిచే సెట్‌లోనూ, అంటే ఇంకా పాతకాలపు సిగరెట్ పెట్టెల్లో వచ్చిన బేస్‌బాల్ కార్డుల్లోనూ, ఇదే కథ. హోనస్ వాగ్నర్ కార్డు ఒకటి 2022లో 72.5 లక్షల డాలర్లకు చేతులు మారింది. అదే సెట్‌లో జట్టు పేరు తప్పుగా అచ్చయిన జో డాయిల్ కార్డు అంతకన్నా తక్కువ కాపీల్లో ఉంది, కానీ వాగ్నర్ దరిదాపుల్లోకి కూడా రాదు. చిన్నప్పుడు మనకు బిగ్ ఫన్ బబుల్‌గమ్‌తో వచ్చిన క్రికెట్ కార్డులు గుర్తున్నాయా? రన్నులు, వికెట్లు కూడబెట్టి ఫ్లిప్ బుక్ కోసం ఇచ్చేశాం. వాటినీ ఎవరూ దాచలేదు, కానీ వాటి కోసం పోటీపడే జనం ఇంకా తయారవలేదు.

ఈ మధ్య చేరినవాటిలో నాకు బాగా నచ్చింది 48, జో పేజ్. ముందు పేజ్ బొమ్మే, వెనక తిప్పితే జానీ సెయిన్ జీవిత వివరాలు! 49లో వీళ్ళిద్దరూ తారుమారు. వెనక నల్ల సిరాతో అచ్చయిన కార్డుల్లోనే ఈ తప్పు ఉంది. నాదాన్లో భుజం మీదుగా ఒక మడత, వెనక టేపు ఊడదీసిన పసుపు మరక. లూప్ (చిన్న భూతద్దం) పెట్టి చూస్తే మడత దగ్గర రంగు లేచిపోయి తెల్లటి కాగితపు పీచు కనిపిస్తుంది. ఆ మడత ఉండబట్టే నాకు అందుబాటులోకి వచ్చింది.

కొనే ముందు నేను చూసేవి చెప్తాను. అమ్మకందారు అడిగే ధర కాదు, నిజంగా అమ్ముడుపోయిన ధరలు చూడాలి, అదీ అదే గ్రేడులో. స్కేలు దగ్గరుండాలి: అసలు కార్డు 2 5/8 బై 3 3/4 అంగుళాలు. 1983లో టాప్సే వేసిన రీప్రింట్ 2 1/2 బై 3 1/2, కాబట్టి వెనక రీప్రింట్ అన్న మాట చెరిపేసినా కొలతలో దొరికిపోతుంది. అంచు మరీ పదునుగా, కొలత కాస్త తక్కువగా ఉంటే కత్తిరించారేమోనని అనుమానించాలి. ఈ సైజు మామూలు తొమ్మిది జేబుల ఆల్బమ్ పేజీల్లో పట్టదు, ఎనిమిది జేబులవి తీసుకోండి, పీవీసీ లేనివి. కామన్లను నేను గ్రేడింగ్‌కి పంపను, ఫీజే కార్డు ధరను మించిపోతుంది.

తర్వాత వెతికేది 1వ నంబరు, ఆండీ పాఫ్కో. పిల్లలు నంబర్ల వరసలో పేర్చి రబ్బర్‌బ్యాండ్ వేసేవాళ్ళు, పైన ఉన్నవాడు కాబట్టి దెబ్బంతా ఇతనికే తగిలింది. బాగున్న పాఫ్కోలు చాలా కొద్ది, అందుకే ధర కూడా ఎక్కువే. అంచుకి నొక్కులున్నా పర్లేదు, వెనక అక్షరాలు చదవగలిగితే తీసేసుకుంటాను.