చేతికొచ్చిన నగదుతో మేకలు కొనాలంటే

ఖాతాలో నేరుగా పడే సాయంతో ఏం చేస్తారని అడిగితే చాలా పల్లె కుటుంబాలు ముందు చెప్పేది పశువుల మాటే. తప్పేం లేదు. చిక్కల్లా డబ్బంతా వాటి మీదే పెట్టేయడం.

మేక చూడి ఐదు నెలలు. పుట్టిన పిల్ల అమ్మకానికి రావాలంటే ఇంకో ఎనిమిది, పది నెలలు. అంటే ఏడాది దాటేదాకా రాబడి లేదు. మేత, మందులు, ఇంటి ఖర్చు మాత్రం ఆగవు. నా లెక్కలో పది వంతుల్లో ఆరు మేకలకు, రెండు పాకకూ మేతకూ, రెండు ముట్టుకోకుండా పక్కన. ఆ చివరి రెండూ లేని ఇంట్లోనే మేత కరువు నెలలో చూడి మేక అగ్గువకు సంతకెళ్తుంది.

కొనేటప్పుడు నోరు తెరిచి చూడాలి: ముందుపళ్లు రెండు జతలు మారితే వయసు రెండేళ్లకు అటూ ఇటూ. పొదుగులో గడ్డలుంటే వదిలేయండి. తెచ్చాక మూడు వారాలు మందకు దూరంగా కట్టేయాలి. పారుడు రోగం టీకా, నట్టల మందు ఆలోపే. నట్టల మందుల్లో ఆల్బెండజోల్ అనేది మాత్రం చూడి తొలి రోజుల్లో వద్దు, పిండానికి ప్రమాదం.

ఇంకోటి, ఊరందరికీ ఒకే వారం డబ్బు పడితే మేకల ధర లేస్తుంది. నెల ఆగినా, దూరపు సంతకు వెళ్లినా నయమే.