లాగిన్ స్క్రీన్ దగ్గర మొరాయించిన టచ్‌ప్యాడ్

మా ఇంట్లో అందరికీ కలిపి ఒకటే లాప్‌టాప్, అందులో ఫెడోరా అనే లినక్స్. అప్పట్లో దాని డెస్క్‌టాప్ అయిన గ్నోమ్ సెట్టింగ్స్‌లో ‘ట్యాప్ టు క్లిక్’ (టచ్‌ప్యాడ్‌ను తడితే క్లిక్ అయ్యే సదుపాయం) ఆన్ చేశాను. నా అకౌంట్‌లో వేలు తాకిస్తే చాలు. లాగిన్ స్క్రీన్ మీద మాత్రం ఎంత తట్టినా ఉలుకూ పలుకూ లేదు. అమ్మ అకౌంట్‌లోనూ అంతే. “నీకు పనిచేసేది నాకెందుకు చేయదురా?” అంది అమ్మ. న్యాయమైన ప్రశ్నే.

ఆ బటన్ నొక్కితే మారేది నా హోమ్ ఫోల్డర్‌లోని డీకాన్ఫ్ (గ్నోమ్ సెట్టింగ్స్‌ను దాచే వ్యవస్థ) డేటాబేస్ ఒక్కటే. లాగిన్ స్క్రీన్‌ను చూపించే జీడీఎం అనే ప్రోగ్రామ్ వేరే యూజర్ కింద నడుస్తుంది, నా ఇష్టాయిష్టాలు దానికి పట్టవు. తమాషా ఏమిటంటే, అదే సెట్టింగ్స్‌లో టైమ్ జోన్ మారిస్తే అందరికీ మారిపోతుంది! ఏది నా ఒక్కడిదో, ఏది అందరిదో అక్కడే రాసి ఉంటే వాళ్ల సొమ్మేం పోయింది?

చివరికి రూట్‌గా, అంటే సర్వాధికారాలున్న యూజర్‌గా, ఈటీసీ ఫోల్డర్‌లోని డీకాన్ఫ్, దాని కింద డీబీ ఫోల్డర్‌లోకి (/etc/dconf/db) వెళ్లాను. అక్కడ జీడీఎం డాట్ డీ (gdm.d) ఫోల్డర్‌లో లాగిన్ స్క్రీన్ కోసం, లోకల్ డాట్ డీ (local.d) ఫోల్డర్‌లో అందరి కోసం చిన్న టెక్స్ట్ ఫైళ్లు పెట్టి ‘డీకాన్ఫ్ అప్‌డేట్’ (dconf update) అనే కమాండ్ కొట్టాను. ఈ కమాండ్ కొట్టకపోతే ఫైల్ ఉన్నా లేనట్టే, ఎందుకంటే డీకాన్ఫ్ చదివేది దాంతో తయారయ్యే బైనరీ డేటాబేస్ ఫైల్‌నే. ఇలా పెట్టింది డిఫాల్ట్ మాత్రమే, ఎవరైనా తమకు నచ్చినట్టు మార్చుకోవచ్చు. ఎవరూ మార్చకూడదనుకుంటే సెట్టింగ్‌కు తాళం వేసే లాక్స్ ఫోల్డర్ ఉంది, కానీ అది కాలేజీ ల్యాబులకు సరే, అమ్మ మీద ప్రయోగించే ధైర్యం నాకు లేదు.

2024 మార్చిలో వచ్చిన గ్నోమ్ 46 నుంచి ట్యాప్ టు క్లిక్ మొదటి నుంచే ఆన్‌లో ఉంటోంది.