కడుపులో ఉండగా పడిన స్టెరాయిడ్ సూది, పుట్టిన బిడ్డ కార్టిసాల్

వైజాగ్‌లో పసిపిల్లల ఐసీయూలో స్టాఫ్ నర్సుని నేను. నెలలు నిండకుండా పుట్టిన బిడ్డల నానమ్మలు, అమ్మమ్మలు మమ్మల్ని పట్టుకుని అడిగేది ఎక్కువగా ఇదే, "ఆ స్టెరాయిడ్ సూది ఏసేసారు కదమ్మా, మా పిల్లకి ఏటైనా అయిపోద్దేటి?" అని. మొన్న అనకాపల్లి నుంచి వచ్చిన ఒకావిడైతే ఫోన్‌లో ఏదో వీడియో చూసి, బిడ్డ ఒంట్లో హార్మోన్ నిల్వ మొత్తం ఖాళీ అయిపోద్దంట అని ఏడ్చేసింది పాపం.

నెలలు నిండకుండా కాన్పు అయ్యేలా ఉంటే తల్లికి వేసే స్టెరాయిడ్ సూది ఇది. మన దగ్గర ఎక్కువగా ఇచ్చేది డెక్సామెథాసోన్, 6 మి.గ్రా. చొప్పున 12 గంటలకోసారి 4 డోసులు. బిడ్డ ఊపిరితిత్తులు త్వరగా తయారవడానికి. 1972లో న్యూజిలాండ్‌లో లిగిన్స్, హోవీ అనే డాక్టర్లు ఇలాంటి మందుతోనే పిల్లలు బతుకుతారని చూపించారు, అప్పట్నుంచి ఎన్ని ప్రాణాలు నిలబడ్డాయో.

ఇప్పుడు హార్మోన్ సంగతి. దాని పేరు కార్టిసాల్, ఒంటికి ఒత్తిడి తగిలినప్పుడు తట్టుకోవడానికి మూత్రపిండాల పైనుండే అడ్రినల్ గ్రంథి తయారుచేస్తుంది. తల్లి కార్టిసాల్‌ని మాయ చాలావరకు పనిచెయ్యకుండా మార్చేసి గానీ బిడ్డకి వదలదు, డెక్సా మాత్రం ఆ అడ్డు దాటేస్తుంది, దాంతో బిడ్డ మెదడు చాలినంత ఉందిలే అనుకుని అడ్రినల్ గ్రంథిని నెమ్మది చెయ్యమంటుంది. అసలు కార్టిసాల్‌కి నిల్వంటూ ఉండదు, అప్పటికప్పుడు తయారవ్వాల్సిందే, నిల్వ ఉండేది అదే గ్రంథి లోపలి భాగంలో అడ్రినలిన్. కాబట్టి ఖాళీ అవ్వడం కాదు, తయారీ కొన్నాళ్లు తగ్గడం. ఒక్క కోర్సే, అంటే ఆ 4 డోసులే పడితే మామూలుగా వారం రెండు వారాల్లో సర్దుకుంటుంది.

మడమ పక్కన గుచ్చి రక్తం చుక్క తీస్తాం కదా, ఇంత మొహం అంతా ముడుచుకుపోయి కాళ్లు లాగేసుకుంటారు, అప్పుడు కార్టిసాల్ పెరగాలి, కడుపులో ఉండగా స్టెరాయిడ్ పడ్డ పిల్లల్లో మొదటి రోజుల్లో అంత పెరగదు. నొప్పి మాత్రం అంతే ఉంటుంది, అందుకే గుచ్చే ముందు గుడ్డలో చుట్టి, దగ్గరికి తీసుకోండని తల్లులకి చెప్తాను.

ఎందుకైనా మంచిదని మళ్లీ మళ్లీ కోర్సులు వేయించుకోవడం మాత్రం నాకు నచ్చదు. 34 వారాలు దాటాక ఇస్తే బిడ్డకి షుగర్ పడిపోవడం కూడా ఎక్కువ, 2016లో వచ్చిన అమెరికా ట్రయల్‌లో సూది పడ్డవాళ్లలో 24 శాతం, పడనివాళ్లలో 15 శాతం. అందుకే పుట్టగానే షుగర్ చూస్తుంటాం, కంగారు పడకండి.

ఇంకో ఆసుపత్రికి పంపిస్తుంటే ఆఖరి డోసు ఏ తారీఖున, ఎన్ని గంటలకి పడిందో కాయితం మీద రాయించుకుని తెచ్చుకోండి, మాకు వెంటనే కావాల్సింది అదే.