పరుపు మీద అప్పడం

మంగళవారం. బల్ల మీద నాలుగు ముక్కలు. ఎం2 హైస్పీడ్ స్టీలు, పైన బంగారు రంగు టైటానియం నైట్రైడ్ పూత. తేల్చాల్సింది ఒక్కటే: ఏది ముందు పగులుతుంది?

ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో పెట్టి అల్ట్రాసోనిక్ తొట్టిలో 10 నిమిషాలు కడగడంతో పని మొదలు. తర్వాత మందం. 30 మి.మీ. ఉక్కు బంతికి వజ్రపు పొడి ద్రావణం రాసి తిప్పితే గుండ్రటి గుంట పడుతుంది. బయటి వలయం 0.80 మి.మీ., లోపలిది 0.53. వర్గాల తేడాను బంతి వ్యాసానికి నాలుగింతలతో, అంటే 120తో, భాగిస్తే 3 మైక్రాన్లు. నాలుగో ముక్క 4.5 వచ్చింది, పక్కన పెట్టేశాం. పూత మందమైతే ఊడే లోడు దానంతటదే పెరుగుతుంది. అది పూత గొప్పతనం కాదు.

తర్వాత రాక్‌వెల్ సి, అంటే వజ్రపు శంకువును నొక్కే పరీక్ష: 150 కిలోలు, ముక్కకు మూడు గుంటలు. ముక్క అడుగున రేణువు ఉంటే అది కదిలి గుంట వంకరపోతుంది, అందుకే పీఠం తుడవాలి. 100 రెట్లలో చూస్తే మూడింటికీ సన్నటి కిరణాల్లాంటి పగుళ్లే, పెచ్చులు లేవు. హెచ్‌ఎఫ్1, అంటే పూత అంటుకునే గ్రేడుల్లో అన్నిటికంటే మేలైనది. అంటుకోవడం బాగుందని చెబుతుందే గానీ ఈ పరీక్ష వీటిలో తేడా చూపదు.

తేడా గీత పరీక్షలో దొరికింది. మొన వ్యాసార్ధం 200 మైక్రాన్లు ఉన్న వజ్రపు సూది, నిమిషానికి 100 న్యూటన్ల చొప్పున పెరిగే లోడు, నిమిషానికి 10 మి.మీ. నడక. అంటే మిల్లీమీటరుకు 10 న్యూటన్లు, కాబట్టి పగులు ఎక్కడ మొదలైందో స్కేలుతో కొలిచినా లోడు తెలిసిపోతుంది. ముక్కకు మూడు గీతలు, ప్రతి గీత తర్వాత సూదిని ఆల్కహాల్‌తో తుడవాలి. అంటుకున్న పొడి తర్వాతి గీతను పాడుచేస్తుంది. పగులు చప్పుడు పట్టే శబ్ద సెన్సారు ఒక్కదాన్నే నమ్మకూడదు, మైక్రోస్కోపే సాక్షి.

మూడో ముక్క తొందరగా పగిలింది. పూతను తిట్టబోయి ఉక్కు కాఠిన్యం చూస్తే 58 హెచ్‌ఆర్‌సీ (రాక్‌వెల్ సి కొలత), మిగతా రెండూ 63. పరుపు మీద అప్పడం పెట్టి వేలితో నొక్కినట్టే: కింద దిగితే పైన వంగలేక విరుగుతుంది. ఈ ముక్క లెక్కలోకి రాదు.

మధ్యాహ్నం, అలవాటు కొద్దీ, వికర్స్ గుంట (నాలుగు పలకల వజ్రపు మొన చేసేది) మూలల్లోంచి వచ్చే పగుళ్ల పొడవు నుంచి దృఢత్వం, అంటే పగులును తట్టుకునే శక్తి, లెక్కకట్టమన్నారు. 3 మైక్రాన్ల పూతకు అది తప్పుదారి. ఉక్కు ప్రభావం తప్పించాలంటే గుంట లోతు మందంలో పదో వంతు, 0.3 మైక్రాన్ దాటకూడదు. అంత చిన్న గుంటకు పగులే రాదు. పగులు వచ్చేంత లోడు వేస్తే ఉక్కు కలుస్తుంది. పైగా పూత వేసేటప్పటి అయాన్ల తాకిడితో దానిలో మిగిలిన సంపీడన ఒత్తిడి పగులును మూసి ఉంచుతుంది, దాంతో అంకె ఉన్నదానికంటే గొప్పగా వస్తుంది.

నిజమైన అంకె కావాలంటే స్తంభాలే దారి. గాలియం అయాన్ పుంజంతో పూతలోనే 3 మైక్రాన్ల వ్యాసం, కనీసం అంతే ఎత్తు ఉండే స్తంభం చెక్కాలి. చుట్టూ పదార్థం పోవడంతో పైభాగంలో ఒత్తిడి సడలుతుంది. మూడు పలకల బెర్కోవిచ్ మొనతో సరిగ్గా నడినెత్తిన నొక్కితే ఒక్కసారిగా చీలుతుంది. చీలిన లోడును వ్యాసార్ధం ఒకటిన్నర ఘాతంతో భాగించి, పూత ఇ/హెచ్ (స్థితిస్థాపక గుణకం/కాఠిన్యం) నిష్పత్తిని బట్టి వచ్చే గుణకంతో హెచ్చించాలి. మొన పక్కకు జరిగితే ముందే చీలి తక్కువ చూపిస్తుంది.

రేపు మొదటి రెండు ముక్కల మీద ఆరేసి స్తంభాలు. అయాన్ పుంజానికి పొద్దున 9 గంటలకు స్లాటు.